ఎడారి గుంతలో ఊరే నీరు

'సౌదీలో నేల తవ్వితే నీళ్లు పడతాయా?' అని ఊళ్లో వాళ్లు నవ్వుతూ అడుగుతుంటారు. జెడ్డా, రియాద్‌లలో సెల్లార్ గుంతల్లో పనిచేసిన మనవాళ్లకు మాత్రం అది నవ్వులాట కాదు. గడ్డపార కంటే పంపును ఎక్కువగా నమ్ముకోవాల్సిన చోట్లు అవి.

జెడ్డా ఎర్ర సముద్రం ఒడ్డున ఉంది. కాస్త లోతుకు దిగగానే ఉప్పునీరు తగులుతుంది. రియాద్ కథ వేరు. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో, సుమారు 600 మీటర్ల ఎత్తులో ఉంటుంది. వాన అరుదు. అయినా నగరం కింద నీటిమట్టం పెరిగింది. గల్ఫ్ తీరాన జుబైల్‌లో మంచినీరుగా మార్చిన సముద్రపు నీటిని 400 కిలోమీటర్లకు పైగా పైపుల్లో రియాద్‌కు తెస్తున్నారు. పైపుల లీకేజీ, సెప్టిక్ ట్యాంకులు, తోటలకు పెట్టే నీరు అన్నీ కలిసి నేలలోకి ఇంకుతున్నాయి. అదే నీరు పునాది గుంతల్లో తేలుతోంది.

గోడ మీద ఎంత బరువు?

10 మీటర్ల లోతు నీరు ప్రతి చదరపు మీటరుపై 10 టన్నుల ఒత్తిడి పెడుతుంది. దీనికి మట్టి తోపు అదనం. అందుకే గుంత చుట్టూ ముందే పైల్స్ గానీ, ఉక్కు షీట్లు గానీ దించుతారు. వాటిని యాంకర్లతో వెనక మట్టిలోకి బిగిస్తారు, లేదా లోపల అడ్డంగా స్ట్రట్లు నిలబెడతారు.

లోపలి నీటిని తోడేస్తే బయటి నీరు గోడ అడుగు నుంచి దూరి పైకి తన్నుకొస్తుంది. మన బావుల్లో ఊట తేటగా వస్తే భయం లేదు. ఇసుకను మోసుకొస్తే ఒడ్డు కింద ఖాళీ అవుతున్నట్టే. ఇక్కడా అదే లెక్క. అలాగని విచ్చలవిడిగా తోడితే పక్క భవనాలు కుంగుతాయి.

పంపు ఎప్పుడు ఆపాలి?

సెల్లార్ కట్టేశాక కూడా ముప్పు పోదు. మీటరు మందం కాంక్రీటు చదరపు మీటరుకు రెండున్నర టన్నులే తూగుతుంది. కింద 10 మీటర్ల నీరుంటే పైకి 10 టన్నుల తోపు. పై అంతస్తుల బరువు పడకముందే పంపులు ఆపితే ఖాళీ సెల్లార్ పడవలా లేస్తుంది. అందుకే రాత్రి కరెంటు పోయినా ఆగకుండా జనరేటరు, అదనపు పంపు సిద్ధంగా ఉంచుతారు.

సింగపూర్ పాఠం

2004 ఏప్రిల్ 20న సింగపూర్‌లో నికోల్ హైవే పక్కన మెట్రో కోసం తవ్విన 30 మీటర్లకు పైగా లోతైన గుంత కూలి నలుగురు చనిపోయారు. స్ట్రట్లు గోడను కలిసే చోట డిజైన్ లోపం ఉందని, ముందుగా కనిపించిన హెచ్చరికలను సరిగా పట్టించుకోలేదని విచారణలో తేలింది. గోడ ఎంత ఒరిగింది, నీరు ఎంత పెరిగింది అని కొలిచే పరికరాలు పెట్టడంతోనే సరిపోదు. అంకెలు గీత దాటిన రోజు పని ఆపగల అధికారం ఎవరికో ఒకరికి ఉండాలి.

2024 డిసెంబరు 1న మొదలైన రియాద్ మెట్రో 176 కిలోమీటర్లు. భూగర్భ స్టేషన్లున్న ఈ నిర్మాణంలో మన దేశానికి చెందిన ఎల్‌అండ్‌టీ కూడా ఒక కన్సార్టియంలో భాగస్వామి. ఇలాంటి పనులు ఇంకా వస్తాయి, మనవాళ్లూ వెళ్తారు.

గుంతలో దిగేవారు గుర్తుంచుకోవాల్సినవి ఇవీ: అంచున కొత్త పగుళ్లు, ఉబ్బిన గోడ, బురదగా మారిన ఊట, ఆగిన పంపు. వీటిలో ఏది కనిపించినా ముందు పైకి రావాలి, తర్వాతే ఫోర్‌మన్‌కు చెప్పాలి.

ఇంట్లోవారికీ ఒక పని ఉంది. ఈసీఆర్ పాస్‌పోర్టుతో పనికి వెళ్లేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం కలిగినా 10 లక్షల రూపాయల బీమా ఉంటుంది. సౌదీలో పని ప్రమాదాల బీమా కోసం యజమాని గోసీకి వేతనంలో 2 శాతం కట్టాలి. పాలసీ కాపీ, ఇకామా నకలు ఇంట్లో ఒకరి దగ్గర భద్రంగా ఉంచండి.