హుస్సేన్ సాగర్ తీరాన వసంతాగమనం

మన ప్రాచీన కవులు చేసిన ఋతువర్ణనలలో అగ్రతాంబూలం వసంతానిదే. తెలుగు ప్రబంధంలో మలయమారుతం, మావిచిగురు, కోకిల కలస్వరం లేనిదే వనవిహార ఘట్టం సాగదు. ఉర్దూ గజల్‌లో 'బహార్' రానిదే గులాబీ విచ్చదు, బుల్‌బుల్ పలుకదు. అయితే ఈ రెండు సాహిత్యాలలోనూ మనకు పరిచితమైన వసంతం చాలావరకు గ్రంథస్థమైన వసంతమే. మన ఊరి చెరువు గట్టున వసంతం నిజంగా ఏ విధంగా అడుగుపెడుతుందో, ఎందువల్ల అలా వస్తుందో, వచ్చి ఏమి చేస్తుందో విద్యార్థులకు వివరించాలన్నదే ఈ వ్యాసోద్దేశం. ఇందుకు మేము ఎన్నుకొన్న చెరువు, మేము పుట్టి పెరిగిన ఇంటికి కూతవేటు దూరంలో ఉన్న హుస్సేన్ సాగర్.

ముందుగా ఈ చెరువు వయస్సు తెలుసుకోవాలి. చార్మినార్‌ను 1591లో నిర్మించారు. హుస్సేన్ సాగర్ అంతకు దాదాపు ముప్పై సంవత్సరాల ముందే, 1562 ప్రాంతంలో, ఇబ్రహీం కులీ కుతుబ్ షా పాలనాకాలంలో, మూసీలో కలిసే ఒక వాగుకు అడ్డంగా కట్టిన తటాకం. అంటే నగరానికి చెరువు వచ్చినది కాదు, చెరువున్న సీమకే నగరం వచ్చినది. నిర్మాణ బాధ్యత వహించినవారు హుస్సేన్ షా వలీ. సుల్తాను తన పేరు పెట్టదలచినా ప్రజలు మాత్రం సూఫీ పేరుతోనే చెరువును పిలిచారనీ, అందుచేత సుల్తాను తన పేరిట ఇబ్రహీంపట్నంలో మరొక చెరువు తవ్వించాడనీ జనశ్రుతి. ఈ ఇబ్రహీం కుతుబ్ షానే మన తెలుగు కవులు 'మల్కిభరాముడ'ని ముద్దుగా పిలుచుకొన్నారు. అద్దంకి గంగాధర కవి తన 'తపతీసంవరణోపాఖ్యానా'న్ని ఆయనకే అంకితమిచ్చాడు. ఆయన కొలువులోని అమీన్ ఖాన్‌కు పొన్నికంటి తెలగన్న అచ్చతెలుగులో 'యయాతిచరిత్ర'ను అంకితం చేశాడు. ఆయన కుమారుడు మహమ్మద్ కులీ కుతుబ్ షా దక్కనీ ఉర్దూలో బసంత్ మీద, నౌరోజ్ మీద, తొలకరి మృగశిర మీద కవితలల్లాడు. కనుక ఈ చెరువు నీటిలో రెండు భాషల ప్రతిబింబాలూ ఉన్నాయనడం అతిశయోక్తి కాదు. నేడు ట్యాంక్‌బండ్ మీద నన్నయ, తిక్కన, మొల్ల, వేమనల విగ్రహాల వరుసలోనే ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ విగ్రహం నిలిచి ఉండడం ఆ సంప్రదాయానికి తగినట్లే ఉన్నది.

ఇక ప్రస్తుత విషయానికి వద్దాము. ఈ తీరాన వసంతం మూడు వాకిళ్ల గుండా ప్రవేశిస్తుంది. మొదటిది చెట్టు, రెండవది పిట్ట, మూడవది నీరు.

చెట్టు సంగతి మొదట చూద్దాము. మాఘ, ఫాల్గుణ మాసాలలో తీరప్రాంతపు వేపచెట్లు పండుటాకులను రాలుస్తాయి. నగర వీధులలో నాటిన విదేశీ వృక్షం టబెబూయా గులాబీ రంగు పూలతో నిండుతుంది. ఊరి వెలుపల మోదుగ చెట్టు ఒక్క ఆకైనా లేకుండా ఎర్రని పూలను ధరిస్తుంది. చైత్రం వచ్చేసరికి వేపకు లేత చిగురూ, తెల్లని సన్నని పూతా ఒకేసారి వస్తాయి. రావిచెట్టు రాగి రంగు చివుళ్లు తొడుగుతుంది. ఆ ఎరుపు కేవలం అలంకారం కాదు. లేత ఆకులో పచ్చదనం పూర్తిగా కుదిరేలోగా తీవ్రమైన ఎండ నుండి దానిని కాపాడేది ఆ ఎర్రని వర్ణద్రవ్యమేనని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.

ఇక్కడ ఒక సందేహం కలుగుతుంది. చలిదేశాలలో వసంతం అంటే మంచు కరిగి నేల తడిసే కాలం. మన దక్కనులో అందుకు విరుద్ధంగా నేల ఎండిపోయే కాలం. వర్షం రావడానికి ఇంకా రెండు మూడు నెలలున్నవి. మరి నీరులేని వేళ చిగురు ఎలా వస్తున్నది? ఆకు రాలినప్పుడే చెట్టు ఈ ప్రశ్నకు సమాధానం చెప్పుకొన్నది. ఆకుల ద్వారా ఆవిరైపోయే నీరు ఆదా అవుతుంది. కాండంలో తేమ తిరిగి నిండుతుంది. లోతైన వేళ్లు అడుగు తేమను అందుకొంటాయి. పగటి నిడివి పెరగడం పలు చెట్లకు సూచన. మార్చి 20, 21 తేదీలలో పగలు, రాత్రి సమానమై, ఆ తరువాత పగలే పైచేయి అవుతుంది. తొలకరి నాటికి ఆకు ముదిరి సిద్ధంగా ఉండాలని చెట్టు ముందే పని ప్రారంభిస్తుంది. ఉన్నంతలో పొదుపు చేసి రాబోయే కాలానికి సిద్ధపడడమే దక్కను వసంత రహస్యం.

చెట్టు సూర్యుని లెక్కను పాటిస్తుంది. మనం పండుగలకు చంద్రుని లెక్కను పాటిస్తాము. పన్నెండు చాంద్రమాసాలకు సుమారు 354 రోజులు. సౌర సంవత్సరానికి 365 రోజులు. ఈ పదకొండు రోజుల తేడాను తెలుగు పంచాంగం అప్పుడప్పుడు అధికమాసం చేర్చి సరిచేసుకొంటుంది. అందుచేత ఉగాది వేపపూతను విడిచి ఎక్కువ దూరం పోదు. హిజ్రీ సంవత్సరంలో అధికమాసం లేదు. కనుక ఈద్ సుమారు 33 సంవత్సరాలలో ఋతువులన్నిటినీ చుట్టివస్తుంది. ఈ రెండు లెక్కలు ఇటీవల మన కళ్లెదుటే కలిసినవి. 2024లో ఏప్రిల్ 9న ఉగాది, 11న ఈద్. 2025లో మార్చి 30న ఉగాది, మరునాడే ఈద్. ఆ రెండేళ్లూ మా ఇంటికి పొరుగువారి వేపపూత పచ్చడి రావడం, ఆ గిన్నె తిరిగి వెళ్లేటప్పుడు అందులో షీర్ ఖుర్మా వెళ్లడం జరిగినది. ఆ గిన్నెను ఖాళీగా పంపకూడదన్నది మా అమ్మ నియమం.

రెండవ వాకిలి పక్షులది. కోకిల వసంతానికి స్వాగతం పలుకుతున్నదని కవులన్నారు. శాస్త్రదృష్టితో చూస్తే నల్లని మగ కోకిల తన జతను పిలుస్తున్నది. చుక్కలున్న గోధుమ రంగు ఆడ కోకిల కాకి గూటి కోసం వెదుకుతున్నది. ఈ వివరణ వల్ల ఆ స్వరమాధుర్యానికి లోపమేమీ కలుగదు. ఇక మన ప్రాంతపు చెరువులలో చలికాలం గడపడానికి మధ్య ఆసియా, సైబీరియా ప్రాంతాల నుండి వచ్చిన సూదితోక బాతుల వంటి వలస పక్షులు మార్చి, ఏప్రిల్ మాసాలలో తిరుగుప్రయాణమవుతాయి. హిమాలయాలను దాటిపోయే చారల తల బాతులు కూడా మన జలాశయాలకు వచ్చే అతిథులే. ఉత్తరాన మంచు కరిగి, గూడు కట్టుకోవడానికి అనువైన కాలం రావడమే ఈ ప్రయాణానికి కారణం. పాశ్చాత్య కవికి వసంతం అంటే పక్షుల రాక, మన చెరువుకు వసంతం అంటే అతిథులకు వీడ్కోలు. అతిథులు వెళ్లిన తరువాత నీటికాకులు, గుడ్డికొంగలు, గద్దలు చెరువును కనిపెట్టుకొని ఉంటాయి.

చెట్టూ పిట్టా నేటికీ మాట తప్పలేదు. మాట తప్పినది మూడవ వాకిలి, అనగా నీరు. దోషం నీటిది కాదు.

మా దాదీమా నూతన వధువుగా ఈ పేటకు వచ్చిన రోజులలో, ఎండలు ముదరగానే ఇంటివారంతా చెరువు గాలి కోసం డాబా మీద పడకలు వేసుకొనేవారట. మా బాల్యం నాటికి అదే ఋతువులో అదే గాలి రాకుండా కిటికీలు మూసుకొనేవాళ్లం. ఇల్లు మారలేదు, చెరువు మారలేదు, గాలి వీచే దిక్కు మారలేదు. మారినదేమిటి?

కారణం వివరిస్తాము. వానాకాలంలో చెరువులోకి కొత్త నీరు వస్తుంది. మాఘం నుండి వైశాఖం వరకు వాన నీరు దాదాపు రాదు. ఎండకు ఉన్న నీరు ఆవిరవుతుంది. కాని కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాల గుండా చెరువు వైపు వచ్చే మురుగుకు ఋతుభేదం లేదు. నీరు తగ్గి మురుగు పాలు పెరిగినప్పుడు మాలిన్యం చిక్కబడుతుంది. మురుగులోని నత్రజని, భాస్వరం పొలానికి ఎరువు వంటివే. ఆ ఎరువూ, వసంతపు ఎండా కలిసి నీటిలో నాచును విపరీతంగా పెంచుతాయి. గుర్రపుడెక్క ఆకులు పరచుకొంటాయి. నీరు వేడెక్కేకొద్దీ ప్రాణవాయువును తనలో నిలుపుకొనే శక్తి తగ్గుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగగలదు. 30 డిగ్రీల వద్ద 7.5 మిల్లీగ్రాములే. పగలు ప్రాణవాయువును ఇచ్చే నాచు రాత్రివేళ తానే దానిని వాడుకొంటుంది. నాచు చచ్చి కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు మిగిలినదానిని కూడా వాడుకొంటాయి. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోరు తెరవడానికీ, కొన్ని రోజులలో చచ్చి తేలడానికీ ఇదే కారణం. అడుగు బురదలో ప్రాణవాయువు పూర్తిగా లేనప్పుడు కుళ్లిన గ్రుడ్ల వాసన గల హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పుడుతుంది. మేము కిటికీలు మూసుకొన్నది ఈ వాయువు వల్లనే.

ఇందులో వసంతం చేసిన తప్పేమీ లేదని గమనించాలి. ఎండ, వెచ్చదనం, సంతానోత్పత్తి, చిగురు అన్న నాలుగు వరాలనే అది చెట్టుకూ చెరువుకూ సమానంగా ఇస్తున్నది. చెట్టు తనలో దాచుకొన్నది తేమ కనుక చిగురు బయటపడుతున్నది. చెరువులో మనం దాచినది మురుగు కనుక దుర్గంధం బయటపడుతున్నది. ఏడాది పొడుగునా మనం చేసిన పనికి వసంతం లెక్క చెబుతున్నది, అంతే.

ఈ చెరువు ఒకనాడు నగరానికి తాగునీరు ఇచ్చినది. 1908 మూసీ వరదల అనంతరం 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ నిర్మితమైన తరువాత దాని అవసరం తీరినది. అవసరం తీరిన వస్తువు పట్ల ఆదరం కూడా తీరిపోవడం లోకరీతి. తాగే నీటిలో మురుగు వదలడానికి ఎవరూ ఒప్పుకోరు. తాగని నీటి విషయంలో ఎవరూ అడ్డుచెప్పలేదు. నగరం పెరిగినది, పరిశ్రమలు వచ్చినవి, వాగులు నాలాలైనవి. 2006లో జపాన్ ఆర్థిక సహాయంతో మురుగును మళ్లించి శుద్ధి చేసే పథకం చేపట్టారు. మళ్లింపు కట్టడాలు, శుద్ధి కేంద్రాలు వచ్చిన మాట నిజం. కొంత మేలు జరిగిన మాటా నిజమే. కాని చెరువును గట్టున నిలబడి శుభ్రం చేయలేము. చెరువు మాలిన్యం గట్టున పుట్టినది కాదు, ఎగువన వేలాది ఇళ్లలో, కార్ఖానాలలో పుట్టినది. ఆ ఇళ్లలో మన విద్యార్థుల ఇళ్లూ, మా ఇల్లూ ఉన్నవి.

'చెరువు మీద అలిగి స్నానం మానుకొన్నట్లు' అని మన పెద్దలంటారు. మనం చేస్తున్నది అదే. ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకొని ట్యాంక్‌బండ్ దాటిపోతున్నాము. అలిగినందువల్ల చెరువుకు నష్టం లేదు, నష్టం మనకే. ఉర్దూలో 'ఆబ్' అంటే నీరు. ముఖం మీది ఆ నీటినే 'ఆబ్రూ' అన్నారు, అంటే గౌరవం. నీరు చెడితే గౌరవం చెడుతుందన్న సంగతి ఆ భాష ఒక్క మాటలో ఇమిడ్చింది.

విద్యార్థులకు మా సూచన చిన్నది. ప్రతి ఫాల్గుణంలో ఒక నోటుపుస్తకం తెరవండి. వేప తొలి పూత ఏ తేదీన కనిపించినది, కోకిల తొలి కూత ఏనాడు వినిపించినది, చెరువు రంగు ఏ వారంలో ఆకుపచ్చకు మారినది, చేపలు ఏనాడు చచ్చి తేలినవి, ఇవన్నీ వ్రాయండి. ఇటలీ దేశస్థుడైన సెక్కీ 1865లో కనిపెట్టిన సాధనం ఒకటున్నది. ఒక తెల్లని బిళ్లను తాడుకు కట్టి నీటిలోకి దించుతారు. అది ఎంత లోతున కనుమరుగవుతుందో కొలిస్తే నీటి స్వచ్ఛత తెలుస్తుంది. దీనిని మన ప్రయోగశాలలోనే చేసుకోవచ్చును. అయితే కొలత అధ్యాపకుని సమక్షంలో, అనుమతి గల పడవ మీద నుండే తీయాలి. కళాశాల పాలకవర్గం వారు ఒక ఉష్ణమాపకం, నీటిలోని ప్రాణవాయువును కొలిచే పరికరం, ఏడాదికి రెండు పర్యాయాలు విద్యార్థులను తీరానికి తీసుకొనిపోవడానికి ప్రయాణ వ్యయం మంజూరు చేయవలసినదిగా ప్రార్థిస్తున్నాము. తెలుగు శాఖ, ఉర్దూ శాఖ, విజ్ఞానశాస్త్ర శాఖ కలిసి చేయదగిన పని ఇంతకన్న మరొకటి మాకు తోచలేదు. పదేళ్ల నోటుపుస్తకాలు పోగైతే అవి ఏ అధికారి ఎదుటనైనా మన పక్షాన సాక్ష్యం చెప్పగలవు.

మా దాదీమా ఇప్పుడు లేరు. ఆమె పడక వేసుకొన్న డాబా ఉన్నది. ఈ చైత్రంలో కూడా పొరుగింటి వేప ఆ డాబా మీద పూత రాల్చినది. కిటికీ మాత్రం సగమే తెరిచాము. దానిని పూర్తిగా తెరవగల వసంతాన్ని మన విద్యార్థులు తప్పక చూడాలని మా ఆకాంక్ష.