పిల్లలు ముందు, తాత వెనక

కిందటి జూన్ నెలాఖరున ఒక ఆదివారం. రాత్రంతా వాన కురిసి, తెల్లవారేసరికి తెరిపి ఇచ్చింది. పుప్పాలగూడలో మా అపార్ట్‌మెంట్ల పిల్లలు ఏడుగుర్ని వెంటబెట్టుకొని గుట్టల దారి పట్టాను. వాటిని ఖాజాగూడ గుట్టలంటారు, ఫక్రుద్దీన్ గుట్ట అనీ అంటారు. అక్కడ దర్గా ఉంది, గుడి ఉంది. ఒక పక్కకు తిరిగితే బండలు, ఇంకో పక్కకు తిరిగితే అద్దాల మేడలు. ఆ రోజు పిల్లలకు ఆ బండల పుట్టుక చెప్పాలని నా ఆలోచన. ఏది ముందు చెప్పాలి, ఏది తర్వాత చెప్పాలి అని రాత్రి కూర్చుని వరుస కూడా రాసుకున్నాను.

వంద అడుగులు వేశామో లేదో, ఆరేళ్ల మా మనవరాలు దారి పక్కన గొంతుక్కూర్చుంది.

"తాతా, బొట్టు నడుస్తుంది!"

నిజంగా బొట్టులాగే ఉంది. తడిసిన మట్టి మీద ఎర్రటి ముఖమల్ గుండీ ఒకటి మెల్లగా పాకుతోంది. మిగతా ఆరుగురూ చుట్టూ చేరారు. దాని పేరు నా నోటిదాకా వచ్చింది. బడిలో ఏళ్ల తరబడి సైన్సు చెప్పినవాణ్ణి, నాకది అలవాటు. కానీ ఆపుకున్నాను. పేరు చెప్పగానే పిల్లలు "ఓహో" అంటారు, లేచి ముందుకు పోతారు. పేరు తెలిసింది కాబట్టి పురుగు కూడా తెలిసిపోయిందనుకుంటారు.

జేబులోంచి భూతద్దం తీసి ఇచ్చి, వెనక్కి జరిగి నిలబడ్డాను.

"చీమనా, సాలెపురుగా?" అన్నాడు ఒకడు. "చీమే, పెద్ద చీమ" అంది ఇంకో పిల్ల. కాళ్లు లెక్కపెట్టారు. ఒకరికి ఆరు వచ్చాయి, ఒకరికి ఎనిమిది. మళ్లీ లెక్కపెట్టారు. ఎనిమిదే. అప్పుడు మా మనవరాలికే తోచింది, చీమకు ఎన్ని ఉంటాయో చూడాలని. బండ అంచున పోతున్న గండుచీమ ఒకటి దొరికింది. దానికి ఆరు. "అయితే ఇది చీమ కాదు, సాలెపురుగు చుట్టం" అని వాళ్లే తేల్చారు. జంతుశాస్త్రం పుస్తకంలో ఒక అధ్యాయం పట్టే సంగతి అది. కీటకాలకు ఆరు కాళ్లు. సాలీడు, తేలు, గోమారి, ఈ ఎర్ర పురుగు ఎనిమిది కాళ్ల వర్గం. నేను ఒక్క ముక్క చెప్పకుండానే అక్కడికి చేరారు. ఇరవై నిమిషాలు పట్టింది. నేను చెప్పి ఉంటే అర నిమిషంలో అయిపోయేది, సాయంత్రానికి మరిచిపోయేవాళ్లు.

తర్వాత అసలు ప్రశ్న వచ్చింది. "నిన్న ఇది ఎక్కడుంది?"

అప్పుడు చెప్పాను. ఇది ఆరుద్ర పురుగు. ఏడాదిలో ఎక్కువ భాగం మట్టిలోనే ఉంటుంది. తొలకరి వానకు నేల నాని చల్లబడగానే పైకి వస్తుంది. ఆ వానలకే ఉసిళ్లు కూడా లేస్తాయి కదా, రెక్కలు రాలి నేల మీద పాకే ఆ ఉసిళ్లు దీనికి విందు. కడుపు నింపుకొని, జత కలిసి, మళ్లీ మట్టిలోకి పోతుంది, గుడ్లూ అక్కడే. గుడ్డులోంచి వచ్చే పిల్లకు మాత్రం ఆరే కాళ్లు. అది ఏ మిడతనో పట్టుకొని, దాని ఒంట్లో రసం పీల్చి పెరుగుతుంది. ఎనిమిది కాళ్లు వచ్చేది తర్వాతే. ఆ ఎరుపు వట్టి సోకు కాదు. "నేను చేదు, నన్ను తినకు" అని పిట్టలకు చెప్పే మాట.

మా గేటు దగ్గర కాపలా ఉండే పాలమూరు పెద్దాయనకు మధ్యాహ్నం ఈ సంగతి చెబితే, "ఆరుద్ర కార్తె వచ్చింది కద సారూ, రాకుంట ఎట్లుంటది" అన్నాడు. ఏటా జూన్ 22 ప్రాంతంలో సూర్యుడు ఆరుద్ర నక్షత్రం దగ్గరికి చేరతాడు. రైతులు ఆ రోజుల పేరే పురుగుకూ పెట్టుకున్నారు. ఆ నక్షత్రం కూడా ఎర్రగానే ఉంటుంది. చలికాలం రాత్రుల్లో మృగవ్యాధుడనే చుక్కల గుంపు భుజం మీద మెరిసే ఎర్రచుక్క, ఖగోళం పుస్తకాల్లో బెటెల్‌గీజ్ అనే పేరుతో కనిపించేది, అదే.

వరుస రాసుకున్న కాగితం మడత ఆ రోజు విప్పనేలేదు. దానికి నాకేమీ చింత లేదు.

ఇలా పిల్లలు ముందు నడిచి, పెద్దలు వెనక నడిచే చదువు కొన్ని దేశాల్లో ఒక పద్ధతిగా స్థిరపడింది. అడవి బడి అంటారు దాన్ని. డెన్మార్క్‌లో 1950ల తొలినాళ్లలో ఎల్లా ఫ్లాటౌ అనే తల్లి తన పిల్లల్ని, ఇరుగుపొరుగు పిల్లల్ని రోజూ అడవికి తీసుకుపోయేది. చూసిన తల్లిదండ్రులు కలిసి దాన్నే బడి చేశారు. 1993లో ఇంగ్లండ్‌లోని బ్రిడ్జ్‌వాటర్ కాలేజీ వాళ్లు డెన్మార్క్ వెళ్లి ఇలాంటి బడులు చూసొచ్చి తమ దగ్గర మొదలుపెట్టారు. అక్కడి నుంచి ఆ దేశమంతా పాకింది. ఏడాది పొడవునా ఒకే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లడం, ఏం చెయ్యాలో పిల్లలే తేల్చుకోవడం, పెద్దవాళ్లు గమనిస్తూ ఉండి అవసరమైనప్పుడే నోరు విప్పడం. ఆ పద్ధతిలో ముఖ్యమైనవి ఇవే. కొత్త కొత్త చోట్లు తిప్పితే పిల్లలకు వినోదం. ఒకే చోటికి పదిసార్లు వెళితేనే, పోయిన నెల లేనిది ఈ నెల వచ్చిందని కనిపెడతారు.

అంత దూరం ఎందుకు, మన మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ ఉంది. జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన బడి. ఆయన పుట్టింది కూడా 1895లో మదనపల్లెలోనే. బండల కొండల నడుమ వానలు తక్కువ పడే నేల అది. బడివాళ్లు ఏళ్ల తరబడి చెట్లు నాటి, పశువుల మేత అదుపు చేసి కాపాడితే, పచ్చదనం వెంట పిట్టలూ వచ్చాయి. 1991లో ఆ లోయను పక్షుల రక్షిత స్థలంగా ప్రకటించారు. అక్కడి పిల్లలకు సాయంత్రం 'అస్తాచల్' అని ఒక వేళ ఉంది. ఎత్తయిన చోట మౌనంగా కూర్చుని పొద్దు గుంకడం చూస్తారు. పాఠం లేదు, ప్రశ్న లేదు. చూడటమే పని. నాకు ఆ బడిలో అన్నిటికంటే నచ్చింది అదే. చుట్టుపక్కల పల్లెల పిల్లల కోసం వాళ్లే నడిపిన చిన్న బడుల్లో, అందరికీ ఒకే పాఠం ఒకేసారి చెప్పరు. కార్డుల మీద పనులు మెట్లు మెట్లుగా ఉంటాయి. ఏ పిల్ల అడుగు ఆ పిల్లే వేసుకుంటూ ఎక్కుతుంది. రమ, పద్మనాభరావు దంపతులు తీర్చిన ఆ పద్ధతి తర్వాత చాలా రాష్ట్రాల బడుల్లోకి వెళ్లింది.

సరే, మా గుట్టకు వద్దాం. మూడో వారమో నాలుగో వారమో, నేను చెప్పాలనుకున్న ప్రశ్న వాళ్లంతట వాళ్లే అడిగారు. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న గుండ్లను చూసి, పదేళ్ల కుర్రాడు, "వీటిని గుండ్రంగా ఎవరు చెక్కారు తాతా?" అన్నాడు.

ఇంటి నుంచి కలకండ పొట్లం తెచ్చుకున్నాను. తలా ఒక ముక్క ఇచ్చి, "నమలొద్దు, చప్పరించండి. కాసేపాగి తీసి చూడండి" అన్నాను. చూశారు. మూలలు పోయాయి, అంచులు అరిగాయి, ముక్క గుండ్రబడుతోంది. ఎందుకు? మూలకు మూడు వైపుల నుంచి ఉమ్మి తగులుతుంది. అంచుకు రెండు వైపుల నుంచి. మధ్యలో పలక మీద ఒక్క వైపు నుంచే. కాబట్టి మూల ముందు కరుగుతుంది. మన బండలదీ అదే కథ. ఇవి ఎక్కణ్ణుంచో దొర్లుకుంటూ వచ్చి గుండ్రబడినవి కావు. ఉన్నచోటే గుండ్రబడ్డాయి. భూమి లోపల చాలా లోతున కరిగిన రాయి మెల్లగా చల్లబడి గ్రానైటు అయింది. అది జరిగి దాదాపు 250 కోట్ల ఏళ్లయింది. డైనోసార్లు అంతరించి 6.6 కోట్ల ఏళ్లే. పై నేల కొట్టుకుపోయి బరువు తగ్గిన కొద్దీ రాయికి నిలువునా అడ్డంగా పగుళ్లు వచ్చాయి. ఇటుకల గోడలాగా అనుకోండి. ఆ పగుళ్లలోకి వాననీరు దిగింది. వాన చినుకు గాలిలోంచి, మట్టిలోంచి బొగ్గుపులుసు వాయువును కలుపుకొని కొంచెం పులుపెక్కుతుంది. ఆ పులుపే లక్షల ఏళ్లు మూలలను తిన్నది. చుట్టూ మెత్తబడ్డ మొరం వానలకు కొట్టుకుపోతే, గట్టి గుండ్లు మిగిలాయి.

పిల్లలు అప్పటికే రాతి ముక్కలు ఏరి పెట్టుకున్నారు. గులాబి రంగువి ఫెల్‌స్పార్, గాజులాగా ఉన్నవి క్వార్ట్జ్, తళుక్కుమనే నల్ల రేకులు అభ్రకం. అభ్రకాన్ని మా చిన్నప్పుడు కాకిబంగారం అనేవాళ్లం. పులిసిన నీళ్లకు ముందు లొంగేది ఫెల్‌స్పార్. అది బంకమట్టి అయిపోతుంది. క్వార్ట్జ్ లొంగదు, ఇసుకగా మిగులుతుంది. అంటే కాళ్ల కింది మట్టి కూడా ఒకప్పటి బండే. ఆరుద్ర పురుగు దాక్కున్నది ఆ బండ పొడిలోనే.

ఇలాంటి గుట్టలను పగలగొట్టి కంకర చేస్తుంటే చూడలేక 1996లో హైదరాబాదులో కొందరు బండల రక్షణకు ఒక సంఘం పెట్టుకున్నారు. సొసైటీ టు సేవ్ రాక్స్ దాని పేరు. వాళ్లు నగరంలో రాళ్ల దగ్గరికి నడకలు నడిపిస్తారు. కలిసే వీలుంటే కలవండి.

తల్లిదండ్రులు నాతో అనే మాట ఒకటుంది. "ఇదంతా బాగానే ఉంది అంకుల్, కానీ చదువు?" దానికి జవాబుగా కంటి సంగతి ఒకటి చెబుతాను. చైనాలోని గ్వాంగ్‌జౌలో 2010 నుంచి 2013 దాకా 12 బడుల్లో ఒక పరీక్ష చేశారు. సగం బడుల్లో ఒకటో తరగతి పిల్లల్ని రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట ఉంచారు. మిగతా సగంలో మామూలుగానే నడిపారు. మూడేళ్లకు చూస్తే మామూలు బడుల్లో నూటికి 39.5 మందికి హ్రస్వదృష్టి వచ్చింది. బయట తిరిగిన బడుల్లో 30.4 మందికి. ఆ పిల్లలు బయట చేసిన ఘనకార్యం ఏమీ లేదు, వెలుతురులో ఉన్నారు. తరగతి గదిలో వెలుతురు కొన్ని వందల లక్స్. ఆరుబయట చెట్టు నీడలోనైనా వేలల్లో ఉంటుంది. ఆ వెలుతురుకు కంటి వెనక రెటీనాలో డోపమైన్ అనే రసాయనం ఎక్కువగా ఊరుతుందనీ, కనుగుడ్డు మరీ పొడవుగా సాగకుండా అది ఆపుతుందనీ శాస్త్రవేత్తల అంచనా. పుస్తకం చదవడానికి కావలసిన కన్ను బయటే తయారవుతుంది.

బతుకమ్మ మొదలయ్యే పెత్రమాసకు ముందు మళ్లీ గుట్టకు వెళ్లాం. బతుకమ్మకు పూలు కావాలని ఆడపిల్లలు అడిగారు. తంగేడు విరగబూసి ఉంది, గునుగు అక్కడక్కడా తెల్లగా ఊగుతోంది. తెలంగాణలో తరతరాలుగా పిల్లలు గుట్టలు, చెలకలు తిరిగి పూలు తెచ్చేవాళ్లు. ఏ పువ్వు ఎక్కడ పూస్తుందో, ఏది ముళ్ల పొదో, ఎక్కడ పాము తిరుగుతుందో ఆ తిరుగుడులోనే తెలిసేది. అడవి బడి అనే మాట రాకముందే మనకు అడవి బడి ఉంది. ఇప్పుడు పూలు బండి మీద కట్టలుగా వస్తున్నాయి, ఆ నడక పోయింది. నాకు బాధ కలిగించేది ఇదే.

తంగేడు పొద దగ్గర నల్ల తుమ్మెద ఒకటి పువ్వు మీద వాలి "ర్ర్ర్" మంది. ఎగిరేటప్పటి చప్పుడు కాదది, వేరే. పిల్లలే పట్టారు తేడా. "రెక్కలు ఆడట్లేదు, చప్పుడెట్లా వస్తుంది?" అని ఒక పిల్ల అడిగింది. ఎంత మంచి ప్రశ్న! తంగేడులో తేనె ఉండదు. పుప్పొడి ఒక్కటే. అదీ ఊరికే దొరకదు, కేసరాల చివర చిన్న రంధ్రాల్లోంచి రావాలి, ఉప్పుడబ్బాలోంచి ఉప్పు రాలినట్టు. తుమ్మెద రెక్కలు కదపకుండా, వాటిని ఆడించే కండరాలను మాత్రం సెకనుకు వందల సార్లు అదిలిస్తుంది. పువ్వు అదురుతుంది, పుప్పొడి రాలుతుంది. పైగా పువ్వులో రెండు రకాల కేసరాలు. పొట్టివి తుమ్మెదకు తిండి. పొడవైనవి దానికి తెలియకుండా ఒంటి మీద పుప్పొడి చల్లేవి. ఆ పుప్పొడే ఇంకో పువ్వుకు చేరుతుంది. బతుకమ్మలో మొదటి వరుస పేర్చే పువ్వు వెనక ఇంత పని ఉంది.

ఆ పొదలో సగం పూలే కోశారు పిల్లలు. నేను చెప్పలేదు. "తుమ్మెదకు కావాలి కదా" అన్నారు.

భయం గురించి ఒక మాట. తడిసిన బండ మీద నల్లటి చారలుంటాయి, అవి పాచి. జారతాయి. దాన్ని మొదట అరచేత్తో రుద్ది చూడమంటాను, ఆ తర్వాత చెప్పకుండానే జాగ్రత్త పడతారు. పొదలోకి చెయ్యి పెట్టేముందు కర్రతో కదపాలి. కాళ్లకు బూట్లు ఉండాలి. పదిమందికి ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. ఇంతకు మించి నేనేమీ నియమాలు పెట్టలేదు.

పుప్పాలగూడ, మణికొండ, నార్సింగి వాళ్లకు ఈ గుట్టలున్నాయి. చిలుకూరు దారిలో మృగవని పార్కు ఉంది. మీకు ఇవి దూరమైతే కాలనీ చివర ఖాళీ జాగా చాలు, కాస్త పచ్చగడ్డి ఉంటే సరి. ఈసారి ఆరుద్ర కార్తెలో తొలి వాన పడిన మర్నాడు పొద్దున్నే మీ పిల్లను బయటికి తీసుకెళ్లండి. ఫోను ఇంట్లో పెట్టండి. ఆ ఎర్ర పురుగు కనిపిస్తే ఎనిమిది కాళ్లూ లెక్కపెట్టనిచ్చి, మళ్లీ మట్టి మీదే వదలమనండి.