వంటయింటి బల్లమీద పుట్టిన వీడియో ఆట

పాలకాయతిప్ప కడలియొడ్డున ఇసుకలో 14 గుంటలు చేసి చింతగింజలు పోసినచో వామనగుంటలాట సిద్ధమగును. దానిని ఆడువారే కూర్చుకొందురు. మన పిల్లలు సెల్‌ఫోనులో ఆడు ఆటలు మాత్రము స్త్రీలకు, సంసారులకు అందని విద్య యని పెక్కుమంది తలంతురు. అది పొరపాటు.

అమెరికాలో రాబర్టా విలియమ్స్ అను ఇద్దరు బిడ్డల తల్లి వంటయింటి బల్లయొద్ద కూర్చుండి కథ కల్పించి, బొమ్మలు గీసెను. భర్త కెన్ ప్రోగ్రాము వ్రాసెను. 1980లో వెలువడిన ఆ ‘మిస్టరీ హౌస్’ ఆటను ప్లాస్టిక్ సంచులలో పెట్టి విక్రయించిరి. 1982లో కరోల్ షా అను వనిత ‘రివర్ రెయిడ్’ ఆటను 4 కిలోబైట్లలో ఇమిడించెను. నేటి సెల్‌ఫోను ఫోటో ఒక్కటియే అంతకు వందలరెట్లు చోటు కోరును. కరవునాడు ఇల్లాలు బియ్యము కొలిచినట్లు ఆమె ప్రతి అక్షరమును కొలువవలసివచ్చెను.

యంత్రముల శక్తి పెరిగినకొలది చిత్రములు నిజమును బోలినవి, పనివారును పెరిగిరి. 2018 నాటి ‘రెడ్ డెడ్ రిడెంప్షన్ 2’కు వేయిమందికి మించి పనిచేసిరి. ఇట్టి సంస్థలలో నొకటియగు ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వారి శాఖ మన హైదరాబాదులోను కలదు.

అయినను ఇంటిపట్టున చేయు పని అంతరింపలేదు. ‘గోడాట్’ వంటి సాధనములు నేడు ఉచితముగా లభించును; బొమ్మ నడచుట, బంతి యెగురుట మొదలగు లెక్కలను అవియే చూచుకొనును. ఎరిక్ బరోన్ అనునతడు నాలుగేండ్లకు పైగా శ్రమించి, కథ, చిత్రములు, సంగీతము తానొక్కడే కూర్చి, 2016లో ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ని వెలువరించెను.

కావున సోదరీమణులారా, ఆడపిల్ల కంప్యూటరు ముందు కూర్చున్నంతనే గద్దింపకుడని మా విన్నపము. ఆడుచున్నదో, ఆటను చేయుచున్నదో ముందు విచారింపుడు. మన అమ్మమ్మల వామనగుంటలను తెరపై నిలుపు చేయి ఆమెదే కావచ్చును.