పనిముట్టు బరువు – విసురు వేగము

గొడ్డలి, సుత్తె, పార, రోకలి మున్నగు పనిముట్లను పట్టి మనము నిత్యమును చేతులెత్తి విసరుచుందుము. ఆ పనిముట్టు ఎంత బరువుండవలెనను విచారణ మాత్రము మనలో అరుదు. కమ్మరి చేసి యిచ్చినది పుచ్చుకొందుము; తండ్రి పట్టిన గొడ్డలినే కొడుకు చేతికిత్తుము. ఈ ప్రశ్నను మిక్కిలి సూక్ష్మముగా, గ్రాముల లెక్కతో విచారించినవారు గోల్ఫ్ అను ఆట ఆడువారు. ఆ ఆటతో మనకు పని లేకపోవచ్చును. కాని వారు కర్రను గూర్చి తెలిసికొన్న సంగతులు మన పొలములలోను, మన వాకిళ్లలోను అక్కరకు వచ్చునట్టివి. వానిని వివరించుటయే నేటి ప్రసంగమునకు ఉద్దేశము.

గోల్ఫ్ స్కాట్లండు దేశమున వృద్ధి పొందిన ఆట. ఆంగ్లేయులతో పాటు మన దేశమునకు వచ్చి, 1829వ సంవత్సరమున కలకత్తాలో దానికొక సంఘము ఏర్పడెను. మన హైదరాబాదులో గోలకొండ దుర్గమునకు చేరిన నయాఖిల్లా ప్రాంతమున ఈ ఆటకు మైదానము కలదు. మన పిల్లలు చిర్రగోనె ఆటలో పొడుగు కర్రతో చిన్న కర్రను కొట్టినట్లే, గోల్ఫ్ ఆటగాడు తల గల పొడవైన కర్రతో నేలమీది చిన్న బంతిని దూరముగా కొట్టి, తుదకు దానిని ఒక గుంటలో పడవేయవలెను. ఇట్టి గుంటలు పదునెనిమిది. తక్కువ దెబ్బలతో ముగించినవాడే గెలిచినవాడు. బంతి బరువు 46 గ్రాములకు, అనగా పాత తూకమున నాలుగు తులములకు మించరాదు. దూరమును బట్టి వాడుటకై ఆటగాడు 14 కర్రల వరకు వెంట నుంచుకొనవచ్చును. ఈ పరిమితిని 1938లో అమెరికాలోను, 1939లో బ్రిటనులోను విధించిరి.

ఇక అసలు విషయమునకు వత్తము. కర్ర తల బరువుగా నున్నచో బంతి దూరము పోవునా, తేలికగా నున్నచో పోవునా? మొదట ఎవరికైనను తోచు సమాధానము బరువుదే గెలుపని. కాని దెబ్బ బలమునకు రెండు మూలములున్నవి: ఒకటి తల యొక్క బరువు, రెండవది అది వచ్చు వేగము. చేతి బలము ఎప్పటికిని ఒక మేరకు లోబడినదే. బరువు పెరిగిన కొలది వేగము తగ్గును. బరువు తగ్గిన కొలది వేగము పెరుగును. ఈ రెండింటికిని ఎచ్చట పొత్తు కుదురునన్నదే చిక్కు.

లెక్క వేసి చూతము. కర్ర తల సెకనుకు 40 మీటర్ల వేగముతో వచ్చి బంతిని తాకినదనుకొందము. ఇది సాధారణమైన ఆటగాని విసురు. తల బరువు 100 గ్రాములైనచో బంతి సెకనుకు రమారమి 50 మీటర్ల వేగముతో బయలుదేరును. 200 గ్రాములైనచో దాదాపు 60 మీటర్లు. 400 గ్రాములైనచో దాదాపు 66 మీటర్లు. చూచితిరా! మొదటిసారి బరువును రెట్టింపు చేయగా పది మీటర్ల వేగము లభించినది. రెండవసారి రెట్టింపు చేయగా ఆరు మీటర్లే లభించినది. ఎంత పెంచినను లాభము తరిగిపోవుచునే యుండును. పైగా 400 గ్రాముల తలను ఆ చేయి అదే వేగముతో విసరలేదు. విసురు 40 నుండి 36కు పడిపోయిన చాలును, పెంచిన బరువు వలన కలిగిన లాభమంతయు మాయమగును.

అట్లైన మిక్కిలి తేలిక చేసిన మేలు కాదా యని అడుగవచ్చును. 100 గ్రాముల తలతో 200 గ్రాముల ఫలము రావలెనన్నచో విసురు 48కి పెరుగవలెను. అది సాధ్యము కాదు. ఏలయన, విసరువాడు కర్రను మాత్రమే విసరుట లేదు. తన రెండు చేతులను, భుజములను గూడ విసరుచున్నాడు. కర్ర సగము తేలికయైనను చేతుల బరువు తగ్గదు గదా! ఈ రెండు కారణముల చేతను పొడవు దెబ్బ కర్ర తల 200 గ్రాముల చుట్టునే నిలిచిపోయినది. కర్ర మొత్తము తూగినను మూడు వందల పై చిల్లర గ్రాములే.

ఇంకొక ముఖ్య విషయము కలదు. బరువు ఎంత యనుట ఒకటి. ఎచ్చట ఉన్నదనుట మరొకటి. గొడ్డలిని కామ చివర పట్టి ఊపి చూడుడు. పిదప ఇనుము దగ్గర పట్టి ఊపి చూడుడు. త్రాసులో గొడ్డలి బరువు మారలేదు. చేతికి మాత్రము ఎంతయో మారినది. బరువును రెట్టింపు దూరమున నుంచినచో దానిని త్రిప్పి వేగము తెచ్చుట నాలుగు రెట్లు కష్టమగును. మేకలకు మండలు దించు దోటి చివర నుండు కొడవలి చిన్నదే యైనను చేతులు పీకుటకు కారణమిదియే. ఈ రహస్యమును కొలుచుటకు రాబర్ట్ ఆడమ్స్ అను అమెరికా దేశీయుడు 1920 తరువాతి దశాబ్దమున ఒక త్రాసును కల్పించెను. కర్రను పట్టు కొననుండి 14 అంగుళముల చోట ఆనించి, తల ఎంత క్రిందికి లాగుచున్నదో చూపునట్టి త్రాసు అది. తలకు రెండు గ్రాములు చేర్చిన చాలును, ఆ త్రాసుపై ఒక మెట్టు మారును.

ఈ సూత్రము వలననే వారి కర్రలలో పొడవునకును బరువునకును ఒక కట్టడి యేర్పడినది. సుమారు 45 అంగుళముల పొడుగు కర్రకు తల 200 గ్రాములు. 35 అంగుళముల పొట్టి కర్రకు తల 300 గ్రాములు. పొడవు తగ్గిన కొలది తల బరువెక్కును. అట్లగుటచే ఏ కర్ర చేబట్టినను చేతికి ఇంచుమించు ఒకే తీరుగ నుండును. మన కమ్మరులును ఎరిగిన నీతియే యిది: పొట్టి పిడి సుత్తెకు ఇనుము నిండుగ నుండవచ్చును, పొడవు కామకు అదే యినుము తగిలించిన పట్టువాని భుజము చెడును.

కామ సంగతి గూడ వినదగినది. పూర్వము గోల్ఫ్ కర్రలకు హికరీ యను చెట్టు కలపతో కామలు చేసెడివారు. 1929లో బ్రిటనులోని పెద్ద సంఘము ఉక్కు కామలను అంగీకరించినది. 1970 తరువాత కార్బన్ నారతో చేసిన కామలు వచ్చెను. ఉక్కు కామ 120 గ్రాములు తూగిన, కార్బన్ కామ అందులో సగమే తూగును. ఇన్ని మార్పులలోను తల బరువు మాత్రము పెద్దగా మారలేదు. దీనిలోని నీతి గ్రహింపుడు: దెబ్బ తీయునది తల; దానిని తగ్గింపరాదు. ఊరక మోయబడునది కామ. దానిని తేలిక చేయవలెను. మన అడవులలోని చిరుమాను కఱ్ఱ గట్టిదియు, సాగుడు గలదియు నగుటచే సన్నగా చెక్కినను విరుగదు. లావైన కామ బలమునకు గుర్తనుకొనుట పొరపాటు.

దెబ్బ తగులు క్షణమును గూర్చి ఒక మాట. కర్ర తల బంతిని తాకియుండు కాలము సెకనులో రెండువేలవ వంతు మాత్రమే. ఆ లోపల చేతి త్రోపు కర్ర పొడవునా ప్రాకి తలను చేరి పనిచేయు నవకాశము లేదు. తల అప్పటికి సంపాదించుకొన్న వేగముతోడనే పని జరిగిపోవును. కావున దెబ్బ తగులు సమయమున పిడికిలి బిగించుట వలన బలము పెరుగదు. అదురు మాత్రము మణికట్టునకు ఎక్కును. సుత్తె పట్టువారును, గొడ్డలి పట్టువారును కామ జారకుండ పట్టిన చాలును.

అయినను గోల్ఫ్ లెక్కను మన పనులన్నిటికిని అట్లే అతికింపరాదు. బంతి నాలుగు తులములది. గుండు రాయి, చెట్టు మ్రాను అట్టివి కావు. తేలిక సుత్తె ఎంత వేగముగ వచ్చినను పెద్దరాతిపై పడి ఎగిరి వెనుకకు వచ్చును. రాతిని పగులగొట్టు వడ్డెర వారు బరువైన సమ్మెట పట్టుట అజ్ఞానము కాదు, అవసరము. కొట్టబడు వస్తువు బరువైన కొలది కొట్టునదియు బరువుండవలెను. తాలింఖానాలో పహిల్వానులు త్రిప్పు గద సంగతి వేరు. అచ్చట పని జరుగుట కాక కండ పెరుగుటయే ప్రయోజనము గనుక కష్టమే ఫలము. కొమురవెల్లి మల్లన్న జాతరకు సంక్రాంతి మొదలు ఉగాది వరకు ఆదివారములందు వచ్చు గొల్ల కురుమ పెద్దల చేతికర్రను చూడుడు. దినమెల్ల మోయవలసినది గనుక అది తేలికగ నుండును. అవసరమైనచో అదలించుటకును, కొట్టుటకును చాలినంత బరువు కొనయందుండును. పనియే బరువును నిర్ణయించును.

పనిని బట్టి బరువును నిర్ణయించిన మరియొక నిదర్శనము కలదు. అమెరికాలోని బెత్లహేమ్ ఉక్కు కర్మాగారమున 1898 మొదలు కొన్ని ఏండ్లు టెయిలర్ అను నిపుణుడు పారతో ఎత్తు పనిని పరీక్షించెను. ఒక్కొక్క పారెడు 21 పౌనులు, అనగా రమారమి తొమ్మిదిన్నర కిలోలు ఉన్నప్పుడే సాయంకాలమునకు అధికమైన పని జరుగునని తేల్చెను. అంతకు మించినచో కూలివాడు అలసెను. తగ్గినచో ఎత్తుటలోనే కాలము గడచెను. బరువు ఖనిజమునకు చిన్న పార, తేలిక బూడిదకు పెద్ద పార యిచ్చిరి. పని పెరిగినది, కూలి కొంత హెచ్చినది. కాని పలువురకు ఆ పని లేకపోయినది. లాభములో హెచ్చు పాలు యజమానునిదే. మన యింటి పనిముట్టు విషయమున అట్టి భయము లేదు. మిగిలిన బలము మనదే.

ఇక చేయవలసినదేమి? పనిముట్టు మితిమీరిన బరువైనచో గుర్తులు కానవచ్చును. నరకువాని పై చేయి కామపై ప్రాకి ఇనుము దగ్గరకు పోవును. వేటు పడిన చోటనే రెండవ వేటు పడదు. ప్రొద్దుటి విసురు మధ్యాహ్నమునకు సగమగును. రాత్రి మణికట్టును, భుజమును సలుపును. ఇది సోమరితనము కాదు. చేతికి తగని బరువునకు చెల్లించు సుంకము. ఇట్టివాడు కనబడినప్పుడు మందలింపక ముందు అతని గొడ్డలిని చేబట్టి చూడుడు. ఒకే రకపు కట్టెను రెండు దినములు రెండు గొడ్డళ్లతో కొట్టించి, సాయంకాలమున పడిన కట్టెను తూచి చూడుడు. మొదటి గంటలో జరిగిన పనిని లెక్కింపకుడు. దినాంతమున మిగిలిన దానిని లెక్కింపుడు. అవసరమైనచో ముందు కామను సన్నము చేయింపుడు. అప్పటికిని చాలనిచో రెండంగుళములు కోయింపుడు. కోసినచో వేగము కొంత తగ్గును గనుక అది తుది ఉపాయము. ఇంటిలో రోకలి బరువై, దాని కొన పొన్ను గూడ మందమైనచో, దంపు స్త్రీల నడుమునకు అదియే శత్రువు. చిన్నవారికి వేరొక రోకలి యుండుట మేలు.

గోల్ఫ్ ఆటగాడు ఒక ఆటలో నిండు విసురుతో కొట్టు దెబ్బలు నలువదికి అటునిటు. వానికొరకు రెండేసి గ్రాములు లెక్కింతురు. మన కట్టె కొట్టువాడు, రాయి కొట్టువాడు ఒక్క పూటలో వందల దెబ్బలు కొట్టును. వాని పనిముట్టును తూచువారు లేరు. పదునారేండ్ల బాలుని చేతికి తాత గొడ్డలి నిచ్చునప్పుడు, దానితో పాటు వాని భుజమునకు తగిన కామను గూడ చేయించి యిచ్చుట పెద్దల ధర్మము. వ్యయము స్వల్పము, వడ్రంగి ఊరిలోనే యున్నాడు.