సైన్సులోకి ఒక్క తలుపేనా?

మన హాస్టళ్ళలో పదవ తరగతి పరీక్షలు దగ్గర పడేసరికి ఒక మాట తరచుగా వినబడుతుంది: "నాకు సైన్సు ఎక్కదన్నా, ఇంటర్లో సి.ఇ.సి. తీసుకుంటా." సి.ఇ.సి. తీసుకోవడం తప్పేమీ కాదు. ఇష్టపడి తీసుకుంటే మంచిదే. కానీ మేము ఆదివారాలు హాస్టల్‌కు వచ్చి తమ్ముళ్ళతో కూర్చున్నప్పుడు గమనించింది వేరు. ఇలా అనేవాళ్ళలో చాలామంది సైన్సు వద్దనుకోవడం లేదు, తాము సైన్సుకు పనికిరామని అనుకుంటున్నారు. వాళ్ళెవరు? ఫ్యాను ఆగిపోతే విప్పి బాగుచేసేవాడు, ఏ చెట్టుకు ఎప్పుడు పూత వస్తుందో చెప్పగలవాడు, క్రికెట్ రన్ రేటు నోటితో లెక్కగట్టేవాడు, రాత్రి పదిమందిని చుట్టూ కూర్చోబెట్టుకొని కథ చెప్పేవాడు. వీళ్ళు యూనిట్ టెస్టులో మాత్రం వెనుకబడిపోతున్నారు. ఎందుకంటే మన దగ్గర సైన్సుకు ఉన్నది ఒకే తలుపు. ప్రశ్నలు, జవాబులు బట్టీ పట్టడం, తిరిగి అవే రాయడం. అందులో దూరగలిగినవాడే తెలివైనవాడు.

మాలో ఇద్దరికి తొమ్మిదవ తరగతిలోనే "నీకు సైన్సు రాదు" అని ముద్ర వేశారు. ఆ ఇద్దరూ ఇప్పుడు సైన్సులోనే పీజీ చేస్తున్నారు. మా ఇళ్ళల్లో డిగ్రీ పట్టా తెచ్చింది మేమే మొదటివాళ్ళం. కాబట్టి ఈ వార్షికోత్సవ సంచికలో మా గురించి రాసుకోవడం కన్నా, మిగిలిన తలుపులు ఎలా తెరుచుకుంటాయో రాయడం మేలనిపించింది.

హోవార్డ్ గార్డనర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1983లో ఒక పుస్తకం రాశారు. తెలివి ఒక్కటే కాదు, భాష, లెక్కలు, బొమ్మలూ ఆకారాలూ, సంగీతం, శరీర కదలిక, ఇతరులను అర్థం చేసుకోవడం, తనను తాను అర్థం చేసుకోవడం అని ఏడు రకాలుగా ఉంటుందన్నారు. ప్రకృతిని గుర్తుపట్టే తెలివిని తరువాత చేర్చారు. ఇది విన్నవాళ్ళు ఇంకొక అడుగు వేసి, "వీడు చూసి నేర్చుకునేవాడు, వాడు విని నేర్చుకునేవాడు" అని పిల్లలకు చీటీలు అంటించడం మొదలుపెట్టారు. అలా విడదీసి ఒక్కొక్కరికి ఒక్కో పద్ధతిలో బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటారనడానికి తగిన ఆధారాలు లేవని 2008లో నలుగురు మనస్తత్వవేత్తలు పరిశోధనలన్నీ పరిశీలించి తేల్చారు. తన సిద్ధాంతం వేరు, ఈ చీటీలు వేరు అని గార్డనరే 2013లో రాశారు. మనకు ఇది ముఖ్యం. మన హాస్టల్ పిల్లలకు ఇప్పటికే చాలా చీటీలు ఉన్నాయి. కొత్తది ఇంకొకటి అక్కర్లేదు. కావలసింది ఒకే పాఠానికి నాలుగైదు తలుపులు పెట్టడం, ఒక తలుపులోంచి వచ్చినవాణ్ణి మిగతా గదుల్లోకి కూడా తీసుకుపోవడం.

దీనికి మేము చూసినవాటిలో అన్నిటికన్నా చవకైన ఉదాహరణ ఒక కర్ర. మీటరు పొడవున్న నిటారైన కర్రను హాస్టల్ ఆవరణలో ఎండ బాగా పడేచోట పాతాలి. మధ్యాహ్నం దాని నీడ కొసను గుర్తుపెట్టాలి. అంతే పని.

కర్ర నిటారుగా పాతడం చేతిపని వచ్చినవాడి వంతు. మేస్త్రీ పనికి వెళ్ళే నాన్న ఉన్న పిల్లవాడికి దారం కట్టిన గుండు వేలాడదీసి చూడమని ఎవరూ చెప్పనక్కర్లేదు. కొలవడం, పట్టిక రాయడం ఓపిక ఉన్నవాడిది. బొమ్మలు వేసేవాడు భూమిని, సూర్యకిరణాలను, మన జిల్లాను ఒక చార్టు మీదికి తెస్తాడు. లెక్కలవాడికి ఇక్కడ పెద్ద విందే ఉంది. నీడ పొడవును కర్ర పొడవుతో భాగిస్తే వచ్చేది పదవ తరగతి త్రికోణమితిలోని టాన్ విలువే. సెప్టెంబరు 23 ప్రాంతంలో సూర్యుడు భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఉంటాడు. ఆ రోజు మన నల్లగొండలో మీటరు కర్ర నీడ మధ్యాహ్నం దాదాపు 31 సెంటీమీటర్లు ఉంటుంది. టాన్ పట్టికలో చూస్తే కోణం 17 డిగ్రీలు. అదే నల్లగొండ అక్షాంశం! అట్లాసు తెరవకుండా, ఒక కర్రతో మనం భూమి మీద ఎక్కడున్నామో తెలిసిపోయింది. పట్టికలో ఆ అంకె కనబడినప్పుడు పిల్లల ముఖాలు చూడాలి.

ఇక మాటకారికి పనేమిటి? ఆరవ, ఏడవ తరగతి పిల్లలకు దీన్ని వివరించడం. పుస్తకం మాటలు వాడకూడదని షరతు. లంబాడీ పిల్లలుంటే వాళ్ళ భాషలో, ఉర్దూ వచ్చినవాళ్ళుంటే ఉర్దూలో చెప్పాలి. చిన్నపిల్లలు అడిగే ప్రశ్నలు మామూలువి కావు. "పన్నెండు గంటలకే నీడ అన్నిటికన్నా చిన్నగా ఎందుకు లేదన్నా?" అని ఒకడు అడిగాడు. నిజమే, ఆగస్టు మొదటి వారంలో మనకు నీడ అతి చిన్నగా ఉండేది 12 గంటల 20 నిమిషాల ప్రాంతంలో. మన గడియారాలన్నీ కాకినాడ పక్కగా పోయే 82½ డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి. మనం దానికి పడమరగా 3 డిగ్రీలకు పైగా ఉన్నాం, డిగ్రీకి 4 నిమిషాల చొప్పున సుమారు 13 నిమిషాల ఆలస్యం. భూమి కక్ష్య వల్ల, అక్షం వాలు వల్ల ఆ రోజుల్లో ఇంకో 6 నిమిషాలు కలుస్తాయి. ఈ జవాబు వెతకడానికి పెద్దతరగతివాళ్ళు సోషల్ పుస్తకం తీయాల్సి వచ్చింది. అడిగినవాడేమో ఆరవ తరగతి.

అయితే ఒక నియమం గట్టిగా పాటించాలి. వారం తిరగగానే పనులు మారాలి. కొలిచినవాడు బొమ్మ వేయాలి, లెక్క చేసినవాడు చిన్నపిల్లలకు చెప్పాలి, చెప్పినవాడు కర్ర సరిచూడాలి. లేకపోతే చేతిపనివాడు ఎప్పటికీ కర్ర పాతేవాడిగానే మిగిలిపోతాడు. మన వాడల పిల్లలకు ఆ సంగతి ఒకరు విడమర్చి చెప్పాలా? మొదటి వారం తనకు వచ్చిన పనితో ధైర్యం తెచ్చుకుంటాడు, రెండో వారం రాని పని పట్టుకుంటాడు. వరుస ఇదే.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. మందార పూల రసంలో నిమ్మరసం వేస్తే గులాబీ రంగు, సబ్బునీళ్ళు వేస్తే ఆకుపచ్చ. వంటగదిలో దొరికేవన్నీ ఒక్కొక్కటిగా పరీక్షించవచ్చు. దారానికి రాయి కట్టి ఊపితే, పొడవు 25 సెంటీమీటర్లున్నప్పుడు అటూ ఇటూ ఒక ఊపుకు ఒక సెకను, మీటరుంటే రెండు సెకన్లు. తాళం తెలిసిన పిల్లలు గడియారం చూడకుండానే ఈ తేడా పట్టేస్తారు. ఎగ్జిబిషన్‌లో ప్రతి ఏడాదీ థర్మోకోల్ అగ్నిపర్వతమే పెట్టాలని ఎక్కడా లేదు.

"ఇదంతా బాగానే ఉంది, మార్కులెలా?" అని వార్డెన్ సార్లు, ట్యూటర్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 పల్లెటూరి బడులతో ఒక సైన్సు బోధనా కార్యక్రమం మొదలైంది. పిల్లలు ప్రయోగాలు చేసి, పొలాలకు వెళ్ళి చూసి నేర్చుకునేవారు. వాళ్ళు పరీక్షను కూడా మార్చారు. పుస్తకం తెరిచి పెట్టుకొని రాయవచ్చు, చేసి చూపించే పరీక్ష విడిగా ఉండేది. కొన్ని వందల బడులకు పాకిన ఆ కార్యక్రమాన్ని ప్రభుత్వం 2002లో ఆపేసింది. మనం పరీక్షను మార్చలేం. అందుకే పాఠ్యపుస్తకంలో ఉన్నదానికి అతుక్కునే పనులే ఎంచుకోమంటున్నాం. కర్ర నీడలో త్రికోణమితి ఉంది, అక్షాంశ రేఖాంశాలు ఉన్నాయి, కాంతి సరళరేఖలో పోవడం ఉంది. వారానికి ఒక్క ఆదివారం గంటన్నర చాలు.

వచ్చే ఆగస్టుకు సిద్ధం కావాలనుకునే తమ్ముళ్ళకు కొన్ని వివరాలు. మన ప్రాంతంలో ఏడాదికి రెండు రోజులు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిటారు వస్తువుకు పక్కకు నీడ పడదు. హైదరాబాదులో అది మే 9, ఆగస్టు 3 తేదీల దగ్గర. మేలో మీరంతా సెలవులకు ఊళ్ళో ఉంటారు కాబట్టి మనకు ఆగస్టే గతి. అప్పుడు సూర్యుడు దక్షిణానికి జరుగుతుంటాడు, మనం హైదరాబాదుకు కొంచెం దక్షిణంగా ఉన్నాం, అందుకని మనకు ఒకటి రెండు రోజులు ఆలస్యంగా, 4 లేదా 5న వస్తుంది. సూర్యుణ్ణి నేరుగా చూడవద్దు, నేల మీది నీడనే చూడాలి. 12 గంటల 10 నిమిషాల నుంచి రెండేసి నిమిషాలకు గుర్తుపెట్టండి, ఐదు నిమిషాలు అటూ ఇటూ అయితే మీటరు కర్రకు రెండు సెంటీమీటర్ల నీడ వచ్చేస్తుంది. నీడ అంచు మసకగా ఉంటుంది, మసకకు మధ్యలో చుక్క పెట్టండి.

ఆగస్టంటే మబ్బులు. సరిగ్గా ఆ రోజే వాన పడవచ్చు. అందుకని జూలై 28 నుంచే మొదలుపెట్టాలి. ఆ రోజు మధ్యాహ్నం నీడ దక్షిణం వైపు మూడున్నర సెంటీమీటర్ల దాకా ఉంటుంది, తరువాత రోజుకు అర సెంటీమీటరు కన్నా కొంచెం తక్కువగా తగ్గుతూ వస్తుంది. ఎండ వచ్చిన రోజుల చుక్కలను గ్రాఫు కాగితం మీద పెట్టి గీత గీస్తే, అది సున్నాను ఏ తేదీన తాకుతుందో మబ్బుల్లో కూడా తెలుస్తుంది. గ్రాఫు కాగితాలు మేము తెస్తాం. కర్ర మీరు చూసి పెట్టండి.