ఫార్మాట్ చేశాక ‘కీ’ ఏమైంది?
ఉన్న లైసెన్సుకే మళ్లీ సొమ్ము చెల్లిస్తున్న కంప్యూటర్ వినియోగదారులు

కంప్యూటర్ నెమ్మదించిందనో, వైరస్ సోకిందనో దుకాణానికి ఇచ్చి విండోస్ మళ్లీ వేయించుకోవడం జిల్లా కేంద్రాల్లోనే కాదు, మండల కేంద్రాల్లోనూ పరిపాటి. ఇంటికి తెచ్చుకున్న కొద్ది రోజులకు తెర కింద కుడి మూలన ‘యాక్టివేట్ విండోస్’ అన్న లేత అక్షరాలు ప్రత్యక్షమవుతాయి. దుకాణానికి మళ్లీ తీసుకెళితే కొత్త ‘కీ’ కొనాలంటారు. డిగ్రీ విద్యార్థి మొదలుకొని మీసేవ కేంద్రం, జిరాక్స్ దుకాణం నడుపుకొనేవారి వరకు అందరికీ చేతి చమురు వదులుతుంది. కంపెనీ విండోస్‌తో కొన్న ల్యాప్‌టాప్ అయితే ఈ ఖర్చు చాలావరకు అనవసరం. ఫార్మాట్ చేసినంత మాత్రాన లైసెన్సు పోదు. అది ఎక్కడ ఉందో తెలియకపోవడమే అసలు చిక్కు.

స్టిక్కర్ నుంచి మదర్‌బోర్డుకు..

విండోస్‌కు కీ అంటే అయిదేసి అక్షరాల చొప్పున అయిదు గుంపులుగా ఉండే 25 అక్షరాల సంకేతం. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో ఆ కీని మైక్రోసాఫ్ట్ వద్ద నమోదు చేయించే ‘యాక్టివేషన్’ పద్ధతి ఇళ్లలోని కంప్యూటర్లకూ వచ్చింది. 30 రోజుల్లో ఆ పని పూర్తి చేయకపోతే ఎక్స్‌పీ లోపలికి అనుమతించేది కాదు. విండోస్ 7 కాలం వరకు ఈ కీని స్టిక్కర్‌పై ముద్రించి సీపీయూ పెట్టె పక్కనో, ల్యాప్‌టాప్ అడుగునో అతికించేవారు. చెమటకు, రాపిడికి ఆ అక్షరాలు చెరిగిపోయి ఇబ్బంది పడినవారు ఎందరో ఉన్నారు.

2012లో విండోస్ 8 రావడంతో ఈ విధానం మారింది. అప్పటి నుంచి తయారీ కంపెనీలు కీని మదర్‌బోర్డుపై ఉండే చిప్‌లోనే రాసి పంపుతున్నాయి. హార్డ్‌డిస్కును తుడిచేసినా, దాని స్థానంలో ఎస్‌ఎస్‌డీ అమర్చినా ఆ చిప్‌లోని కీ చెక్కు చెదరదు. 2015లో విండోస్ 10తో మరో అడుగు పడింది. ఒకసారి యాక్టివేట్ అయిన యంత్రం గుర్తులను మైక్రోసాఫ్ట్ తన సర్వర్లలో భద్రపరుస్తుంది. దీనినే డిజిటల్ లైసెన్సు అంటున్నారు. అదే యంత్రంపై అదే రకం విండోస్ మళ్లీ వేసి అంతర్జాలానికి కలిపితే కీ అడగకుండానే యాక్టివేట్ అవుతుంది. అందుకే విండోస్ వేసే సమయంలో కీ అడిగితే ‘ఐ డోంట్ హావ్ ఎ ప్రొడక్ట్ కీ’ అన్న వాక్యాన్ని ఎంచుకుని ముందుకు సాగవచ్చు. అది దొంగదారి కాదు, మైక్రోసాఫ్ట్ చూపిన దారే.

తేడా వచ్చేది రకంలోనే

పైన చెప్పిన దానిలో ‘అదే రకం’ అన్న మాటే కీలకం. మన దేశంలో అమ్ముడయ్యే ఇంటి వాడకపు ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ‘హోమ్ సింగిల్ లాంగ్వేజ్’ అనే రకం విండోస్ వస్తుంది. దుకాణాల్లో మాత్రం ఒకే పెన్‌డ్రైవ్ పెట్టుకుని, వచ్చిన ప్రతి యంత్రానికీ ‘ప్రొ’ రకం ఎక్కించడం అలవాటు. యంత్రంలో ఉన్నది హోమ్ కీ, ఎక్కించింది ప్రొ. రెండింటికీ పొంతన కుదరదు కనుక యాక్టివేషన్ జరగదు. లైసెన్సు పోయిందని యజమాని బెంగపడతాడు. దుకాణదారు కూడా అలాగే అనుకుంటాడు. అన్నిచోట్లా ఇది మోసం కాదు, తెలియక జరుగుతున్నదే ఎక్కువ. భారం మాత్రం వినియోగదారుడిదే.

దీనికి కొత్త కీతో పని లేదు. మైక్రోసాఫ్ట్ అధికారిక వెబ్‌సైట్ నుంచి ‘మీడియా క్రియేషన్ టూల్’ను ఉచితంగా దించుకుని, 8 జీబీ పెన్‌డ్రైవ్‌పై విండోస్ సిద్ధం చేసుకుంటే చాలు. ఆ పెన్‌డ్రైవ్‌లో అంతకుముందు ఉన్నవన్నీ చెరిగిపోతాయని మరువరాదు. దానితో మొదలుపెడితే, చిప్‌లోని కీని విండోస్ స్వయంగా చదువుకుని ఏ రకం వేయాలో చాలావరకు అదే నిర్ణయిస్తుంది. ఒకవేళ జాబితా చూపితే హోమ్ సింగిల్ లాంగ్వేజ్‌నే ఎంచుకోవాలి. ఇప్పటికే ప్రొ వేసి ఉన్న యంత్రాన్ని ఫైళ్లు, ప్రోగ్రాములు యథాతథంగా ఉంచుతూ హోమ్‌కు దించే వీలు లేదు. ఫైళ్లను వేరేచోట భద్రపరచుకుని మొదటి నుంచీ వేయాల్సిందే.

తమ యంత్రానికి ఏ రకం వచ్చిందో ఫార్మాట్‌కు ముందే చూసుకోవడం ఉత్తమం. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో ‘అబౌట్’ నొక్కితే రకం పేరు కనిపిస్తుంది. కంప్యూటర్ తెరుచుకోని స్థితిలో ఉంటే కొన్నప్పటి బిల్లు, అట్టపెట్టెపై ఉన్న చీటీ చూడాలి.

అసలు దుకాణం వరకూ వెళ్లాల్సిన అవసరం లేని సందర్భాలూ ఉన్నాయి. కంప్యూటర్ తెరుచుకుంటూ కేవలం నెమ్మదించి ఉంటే, సెట్టింగ్స్‌లోని ‘రీసెట్ దిస్ పీసీ’ ద్వారా ఇంట్లోనే విండోస్‌ను కొత్తగా వేసుకోవచ్చు. రకం మారదు కనుక లైసెన్సు చిక్కు రాదు. సొంత ఫైళ్లను ఉంచమని కోరినా, విడిగా వేసుకున్న ప్రోగ్రాములు మాత్రం పోతాయి.

విండోస్ సరైన రకమే వేసినా యాక్టివేట్ కాకపోతే ముందుగా వై-ఫై పనిచేస్తున్నదో లేదో చూడాలి. కొత్తగా వేశాక వై-ఫైకి కావాల్సిన డ్రైవర్ లేక అంతర్జాలమే అందని యంత్రాలు అనేకం. అలాంటప్పుడు సెల్‌ఫోన్‌ను యూఎస్‌బీ తీగతో కలిపి టెథరింగ్ ఇస్తే సరిపోతుంది. పాత కంప్యూటర్లలో తేదీ తప్పుగా ఉండటమూ ఒక కారణమే. మదర్‌బోర్డుపై ఉండే సీఆర్ 2032 అనే నాణెం బ్యాటరీ అయిపోతే గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది. తేదీ సరిగా లేని యంత్రం సర్వర్‌తో సురక్షితంగా మాట్లాడలేదు. తక్కువ ధరకు దొరికే ఆ బ్యాటరీ మార్చి, తేదీ సరిచేస్తే పని జరుగుతుంది.

బోర్డు మారిస్తే..

కీ ఉన్న మదర్‌బోర్డే కాలిపోతే సంగతి వేరు. యంత్రంతో వచ్చిన లైసెన్సు ఆ యంత్రానికే పరిమితం. వారంటీలో కంపెనీ సేవాకేంద్రమే బోర్డు మారిస్తే, పాత లైసెన్సు కొత్త బోర్డుకు అందేలా చూడమని అడిగి, పని రసీదుపై రాయించుకోవాలి. విడిగా కొన్న ‘రిటైల్’ లైసెన్సు అయితే పాత యంత్రంపై తీసేసి కొత్తదానికి మార్చుకునే హక్కు ఉంటుంది.

2016 ఆగస్టులో వచ్చిన విండోస్ 10 మార్పుల నుంచి డిజిటల్ లైసెన్సును మైక్రోసాఫ్ట్ ఖాతాకు జత చేసుకునే సదుపాయం ఉంది. అదే ఖాతాతో లోపలికి వెళ్లి, సెట్టింగ్స్‌లోని యాక్టివేషన్ పేజీలో ‘ట్రబుల్‌షూట్’ నొక్కి, యంత్రభాగాలు ఇటీవల మార్చినట్లు తెలిపే వాక్యాన్ని ఎంచుకుంటే పాత యంత్రాల జాబితా కనిపిస్తుంది. మనదాన్ని గుర్తించి నొక్కాలి. అయితే ఖాతాకు జత చేయడం బోర్డు కాలిపోకముందే జరిగి ఉండాలి. దుకాణంలో ఎవరి ఖాతాతోనో తెరిచి ఇచ్చిన యంత్రాలకు ఈ ఉపాయం పనికిరాదు. అందుచేత ఖాతా తమ సొంత ఈ-మెయిల్, సొంత ఫోన్ నంబరుతోనే ఉండేలా చూసుకోవాలి.

తెరపై సంకేతాల అర్థం

యాక్టివేషన్ విఫలమైనప్పుడు తెరపై 0ఎక్స్‌తో మొదలయ్యే సంకేతం వస్తుంది. దానిని ఫోన్‌తో ఫొటో తీసుకోవడం మంచిది, కారణం అందులోనే ఉంటుంది. సీ004ఎఫ్050 అంటే టైపు చేసిన కీ చెల్లదని. పాత స్టిక్కర్లు చూసి కొట్టేవారికి ఇది తరచూ ఎదురవుతుంది. విండోస్ కీలలో ఇంగ్లీషు అచ్చులైన ఏ, ఈ, ఐ, ఓ, యూ ఉండవు. అంకెల్లో సున్నా, ఒకటి, అయిదు ఉండవు. సున్నాలా కనిపించింది చాలావరకు చెరిగిన డీ గానీ క్యూ గానీ అయి ఉంటుంది. 8ని బీగా, 6ను జీగా పొరబడటమూ మామూలే.

803ఎఫ్7001 అని వస్తే ఈ యంత్రానికి లైసెన్సు ఉన్నట్లు సర్వర్‌కు కనిపించడం లేదని అర్థం. రకం తేడా, బోర్డు మార్పు రెండింటినీ అనుమానించాలి. సీ004సీ008 అన్నది కీని అనుమతించిన దానికంటే ఎక్కువ యంత్రాల్లో వాడేశారని చెబుతుంది. సీ004ఎఫ్074 అయితే కంప్యూటర్ ఏదో సంస్థ సర్వర్ కోసం వెతుకుతూ దొరకక ఆగిపోయిందని గ్రహించాలి. ఇంట్లో వాడే యంత్రం సంస్థ సర్వర్ కోసం ఎందుకు వెతకాలన్నది దుకాణదారును అడగాల్సిన ప్రశ్న.

చవక కీల బండారం

పెద్ద సంస్థలు, విశ్వవిద్యాలయాలు వందలాది కంప్యూటర్లకు కలిపి ‘వాల్యూమ్’ లైసెన్సు తీసుకుంటాయి. వాటిలో ఒక పద్ధతి ప్రకారం ప్రతి కంప్యూటరూ సంస్థ సర్వర్‌ను 180 రోజుల్లోగా ఒక్కసారైనా పలకరించాలి, లేకుంటే యాక్టివేషన్ రద్దవుతుంది. వేల రూపాయల విలువైన విండోస్‌ను అంతర్జాలంలో కొన్ని వందలకే ఇస్తామనేవారి వద్ద దొరికే కీలలో ఇలా సంస్థల నుంచి బయటకు పొక్కినవీ ఉంటాయి. ఈరోజు పనిచేస్తాయి. మైక్రోసాఫ్ట్ నిలిపివేసిన రోజు ఆగిపోతాయి. అమ్మినవాడు అప్పటికి కనిపించడు.

అసలు కీ లేకుండానే యాక్టివేట్ చేస్తామంటూ దుకాణాల్లో వాడే ‘యాక్టివేటర్’ ప్రోగ్రాములు మరీ ప్రమాదకరం. అవి నడవాలంటే ముందుగా యాంటీవైరస్‌ను ఆపాలి. తాళం తీసి దొంగను పిలిచినట్లే. బ్యాంకు లావాదేవీలు, ప్రజల ఆధార్ వివరాలు చూసే కేంద్రాల్లో ఇలాంటి యంత్రాలు ఉండటం ఆందోళన కలిగించే అంశం. దొంగ ప్రతి అని తెలిసీ కంప్యూటర్ ప్రోగ్రామును వాడటం 1957 కాపీరైట్ చట్టంలోని 63-బి సెక్షన్ ప్రకారం నేరం. ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల వరకు జరిమానా విధించవచ్చు. వ్యాపారానికీ లాభానికీ వాడనివారి విషయంలో జైలు లేకుండా రూ.50 వేలకు మించని జరిమానాతో సరిపెట్టే వెసులుబాటు న్యాయస్థానానికి ఉంది.

తమ యంత్రంపై ఏ తరహా లైసెన్సు ఉందో తెలుసుకోవడం కష్టం కాదు. విండోస్ మీట, ఆర్ మీట కలిపి నొక్కితే వచ్చే ‘రన్’ పెట్టెలో ఎస్, ఎల్, ఎం, జీ, ఆర్ అక్షరాలు కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఏటవాలు గీత, దాని పక్కనే డీ, ఎల్, ఐ అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కాలి. వచ్చే చిన్న కిటికీలో ఓఈఎం, రిటైల్, వాల్యూమ్ అన్న మాటల్లో ఒకటి కనిపిస్తుంది. ఇంటి ల్యాప్‌టాప్‌లో వాల్యూమ్ అని ఉంటే దుకాణంలో ఏం వేశారో అర్థమైనట్లే.

48 అంకెలు అడిగితే..

లైసెన్సు కీ పోతే డబ్బుతో పోతుంది. ఇది పోతే ఫొటోలు, పత్రాలు, లెక్కలు అన్నీ పోతాయి. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలావాటిలో డిస్కులోని సమాచారం యజమానికి తెలియకుండానే గూఢలిపిలోకి మారి ఉంటుంది. బోర్డు మార్చినా, బయోస్ అమరికలు కదిపినా నీలి తెర వచ్చి 48 అంకెల ‘రికవరీ కీ’ అడుగుతుంది. దీనిని విండోస్ లైసెన్సు కీగా పొరబడి, కొత్త కీ కొని కొట్టి చూసేవారూ ఉంటారు. రెండింటికీ సంబంధం లేదు. ఆ 48 అంకెలు సాధారణంగా యజమాని మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రంగా ఉంటాయి. వేరే ఫోన్ నుంచి ఖాతాలోకి వెళ్లి చూడవచ్చు. అవి దొరకకపోతే డిస్కును తుడిచేయడం తప్ప దారి లేదు. కాబట్టి నీలి తెర చూసిన వెంటనే ఫార్మాట్‌కు ఒప్పుకోకుండా, ముందు ఖాతాలో వెతకాలి.

పాత యంత్రాల సంగతి

విండోస్ 7, 8 కీలతోనే విండోస్ 10ను యాక్టివేట్ చేసుకునే వెసులుబాటు చాలాకాలం నడిచింది. ఉచిత మార్పు గడువు 2016 జులై 29తో అధికారికంగా ముగిసినా దారి తెరిచే ఉండేది. 2023 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ దానిని మూసేసింది. అంతకుముందే మారి డిజిటల్ లైసెన్సు పొందిన యంత్రాలకు ఇబ్బంది లేదు. విండోస్ 10 లైసెన్సు విండోస్ 11కూ చెల్లుతుంది గానీ, టీపీఎం 2.0 వంటి నిబంధనల వల్ల పాత యంత్రాల్లో అధికారికంగా అది ఎక్కదు. విండోస్ 10కు సాధారణ భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. లైసెన్సు మాత్రం రద్దు కాలేదు.

ఆఫీస్, ట్యాలీలకు వేరే లెక్క

విండోస్‌తో పాటే ఆఫీస్ వచ్చిన ల్యాప్‌టాప్‌లలో దాని హక్కు మొదటిసారి తెరిచిన మైక్రోసాఫ్ట్ ఖాతాకు చేరుతుంది. ఫార్మాట్ తర్వాత అదే ఖాతాతో వెళ్లి మళ్లీ దించుకోవాలి. వర్తకులు వాడే ట్యాలీ విషయంలో ఫార్మాట్‌కు ముందే ప్రోగ్రాములోని ‘సరెండర్ లైసెన్స్’ ద్వారా లైసెన్సును వెనక్కి అప్పగించి, విండోస్ వేశాక తిరిగి యాక్టివేట్ చేసుకోవాలి. అందుకు సీరియల్ నంబరు, నమోదు చేసిన ఈ-మెయిల్ అవసరం. చాలా దుకాణాల్లో ఆ ఈ-మెయిల్ మానేసి వెళ్లిన గుమస్తాదే అయి ఉండటం అసలు తలనొప్పి. మార్చి నెలాఖరు లెక్కల వేళ దీనిపై కూర్చోవడం కంటే ముందే సొంత చిరునామాకు మార్పించుకోవడం నయం.

మరమ్మతుకు ఇచ్చినప్పుడు ఏ రకం విండోస్ వేశారో, కీకి ఎంత తీసుకున్నారో రాసిన బిల్లు తప్పక తీసుకోవాలి. అసలైనదని చెప్పి నకిలీ అంటగడితే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరుపై ఫిర్యాదు చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించాలన్నా, చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు అయితే రుసుము ఉండదు.