ప్లాస్టిక్ సోలార్ సెల్ మేడెక్కలేదెందుకు?

అమెరికాలో న్యూ బెడ్‌ఫోర్డ్ అనే ఊళ్లో ఒకప్పటి పోలరాయిడ్ కర్మాగారాన్ని 2008లో కొనార్కా అనే కంపెనీ తీసుకుంది. పేరు మన ఒడిశా సూర్యదేవాలయానిదే. ఫొటోఫిలిం తయారుచేసిన యంత్రాల మీదే కరెంటునిచ్చే ప్లాస్టిక్ పొరను చుట్టలు చుట్టలుగా అచ్చువేయాలన్నది వారి ఆలోచన. కంపెనీ స్థాపకుల్లో ఆలన్ హీగర్ ఒకరు. విద్యుత్తును ప్రవహింపనిచ్చే ప్లాస్టిక్కులకు గాను 2000లో రసాయనశాస్త్ర నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఆయనా ఉన్నారు. పెట్టుబడికి కొదవ లేదు. అయినా 2012లో కొనార్కా దివాలా తీసింది.

తప్పంతా విజ్ఞానానిదే అనలేం. 1986లో కొడాక్ శాస్త్రవేత్త చింగ్ టాంగ్ చేసిన ఆర్గానిక్ సెల్ (ప్లాస్టిక్‌లాగే కర్బన పదార్థాలతో చేసిన సోలార్ సెల్), తన మీద పడిన ఎండలో 1 శాతాన్నే కరెంటుగా మార్చింది. 2019లో చైనా పరిశోధకులు వై6 అనే అణువుతో 15 శాతం దాటారు. ఇప్పుడు ప్రయోగశాలల్లో 20 శాతం దాకా వస్తోంది. పత్రికల్లో పతాక శీర్షికలకెక్కేది ఈ అంకే. నా దృష్టిలో అసలు చిక్కు ఈ అంకెలో కాదు, పదార్థం తీరులో ఉంది.

సిలికాన్‌లో వెలుగు పడగానే ఎలక్ట్రాన్ విడివడి పరుగెడుతుంది. కర్బన పదార్థాల్లో అది తాను వదిలిన ఖాళీని అంటిపెట్టుకునే ఉంటుంది. ఆ జంట దాదాపు 10 నానోమీటర్ల లోపల రెండో పదార్థాన్ని చేరకపోతే వృథాగా అంతరిస్తుంది. నానోమీటరంటే మిల్లీమీటరులో పదిలక్షో వంతు. అందుకే ఎలక్ట్రాన్‌నిచ్చే పదార్థాన్నీ, పుచ్చుకునే పదార్థాన్నీ అతి సన్నగా కలిపి పొరగా పూస్తారు. సెల్ బలమంతా ఈ కలగలుపులోనే ఉంది, బలహీనతా అక్కడే ఉంది. వేడి తగిలేకొద్దీ మజ్జిగ తేటదేరినట్టు రెండూ విడిపోతుంటాయి. రామగుండం మేడ మీద మే నెల మధ్యాహ్నం ప్యానెల్ ఎంత కాలుతుందో ఊహించుకోండి.

దీనికి తోడు ఆక్సిజన్, తేమ, అతినీలలోహిత కిరణాలు. అద్దాల మధ్య బిగిస్తే రక్షణ దొరుకుతుంది కానీ వంగడం, తేలికదనం పోతాయి. అవి పోయాక ఇక ప్లాస్టిక్ ఎందుకు? తేమను అంత గట్టిగా ఆపే ఫిల్ములున్నాయి గానీ ఖరీదెక్కువ. ప్యానెళ్లకు పెట్టే ఒక ప్రామాణిక పరీక్ష 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమలో వెయ్యి గంటలు. సిలికాన్ కంపెనీలు 25 ఏళ్ల హామీ ఇస్తున్నాయి మరి.

రికార్డు సెల్ సాధారణంగా చిటికెన వేలి గోరంత ఉంటుంది. నైట్రోజన్ నింపిన పెట్టెలో, తరచూ క్లోరోఫాం లాంటి విష ద్రావకంతో చేస్తారు. దాన్నే చదరపు మీటర్లకు పెంచితే పొర మందం ఒకేలా రాదు, ధూళికణం ఇరుక్కున్నా షార్ట్ కావచ్చు. పైగా వై6 లాంటి అణువుల తయారీ అనేక అంచెల పని. ప్లాస్టిక్ అంటే చవక ముడిసరుకు అన్న మాట అక్కడే వీగిపోతుంది.

ఈలోగా సిలికాన్ ప్యానెల్ ధర పడిపోయింది. 2008లో వాటుకు సుమారు 4 డాలర్లుండగా 2012 నాటికి డాలరు లోపుకు దిగింది, ఇప్పుడు పది సెంట్ల చుట్టుపక్కల ఉంది. కొనార్కా నిలదొక్కుకోలేకపోయింది సరిగ్గా ఆ 2008-2012 కాలంలోనే.

సిలికాన్‌తో మేడ మీద పోటీపడటం దండగని నా అభిప్రాయం. జర్మనీలో డ్రెస్డెన్‌కు చెందిన హెలియాటెక్ ద్రావకాలు లేకుండా శూన్యంలో పొరలు వేసి, బరువు మోయలేని కప్పులకూ గోడలకూ అంటించే ఫిల్ములు చేస్తోంది. గదిలోని ఎల్‌ఈడీ వెలుగును కరెంటుగా మార్చడంలో ఆర్గానిక్ సెల్ మామూలు సిలికాన్‌ను మించగలదు. కాబట్టి సెన్సర్లలో, రిమోట్లలో బ్యాటరీల బదులు దీన్ని వాడుకోవచ్చు. మీరు మాత్రం ఇంటి మీద సోలార్ పెట్టించాలనుకుంటే దీనికోసం ఆగకండి, సిలికాన్‌కే ఆర్డరివ్వండి.